గవర్రాజు చొక్కా

వేషం డైరీ. పట్టా నంబరు 218. వేషధారి: అమృతలింగం, ఉప్పాడ గట్టు.

మొదటి రోజు

ఇది నా పదిహేడో చావు.

ఇప్పటిదాకా రెండుసార్లు కత్తిపోటుకి, ఒకసారి విషానికి, నాలుగుసార్లు లారీ కింద, ఒకసారి సొంత బావమరిది విసిరిన రుబ్బురోలు పొత్రానికి పోయాను. మిగతావి సరిగ్గా గుర్తు లేవు. ప్రతి చావుకీ ఒక డైరీ రాసి ఇవ్వాలని రూలు. ఇచ్చాను. ఒక్కటీ ఎవరూ చదవలేదు. ఎలా తెలుసంటారా? తొమ్మిదో డైరీ మధ్యలో మా అక్క మాణిక్యం చేపల పులుసు ఎలా పెడుతుందో రెండు పేజీలు రాశాను. "స్వీకరించడమైనది" అని స్టాంపు వేసి రసీదు పంపారు.

అయినా రాయాల్సిందే. చేతికి దారం కట్టిన రోజు మొదలుపెట్టి, తెంపిన రోజు ఆపాలి. రాసింది కొట్టేయకూడదు.

పొద్దున్నే సోలారు పలకల మీద పేరుకున్న ఉప్పు గీకి, మంచినీళ్ళ వంతు రెండు బిందెలూ పట్టి ఇంట్లో పెట్టి, వరాలమ్మ గారింటికి వెళ్ళాను. ఆవిడ భర్త గవర్రాజు సముద్రపు గట్టు మీద నీళ్ళు తోడే పన్నెండో పంపు ఆపరేటరు. పదకొండేళ్ళ కిందట పంపు గోతిలో మునిగి పోయాడు. పక్కన డ్యూటీలో ఉన్న సుగుణ అనే ఆవిడ కావాలనే వదిలేసిందని అప్పట్లో కేసు. సాక్ష్యం లేక మూతపడింది. ఇప్పుడు మా "ఆ రోజు" కార్యక్రమంలో ఆ కథ చేస్తున్నాం. సగం సేపు అసలు మనుషులు కుర్చీలో కూర్చుని చెబుతారు. మిగతా సగం, వాళ్ళు చెప్పింది మేం ఆడి చూపిస్తాం. ఇందులో గవర్రాజుని నేను.

పోయినవాళ్ళ తరఫువాళ్ళు ఇష్టపడి మా మణికట్టుకి ఆకుపచ్చ దారం కడితేనే వేషం. ఆ దారం తెర మీద కనిపించాలి. మిషన్లతో చచ్చినవాళ్ళ ముఖాలు తయారుచేసి ఊళ్ళకి ఊళ్ళనే మోసం చేసిన రోజుల తరవాత పెట్టిన చట్టం అది.

వరాలమ్మ గారు గవర్రాజు డ్యూటీ చొక్కా తెచ్చారు. నీలం రంగు, నిండు చేతులది. నేను తొడుక్కోబోతే ఆవిడే అందుకుని, ముందు నా కుడి చెయ్యి పట్టుకుని, మెల్లగా, గాజుబుడ్డిని దూర్చినట్టు చొక్కాలోకి దూర్చారు.

"నాకు చొక్కా తొడుక్కోవడం వచ్చండమ్మా," అన్నాను.

ఆవిడ సిగ్గుపడిపోయారు. "అలవాటండి బాబూ. ఏమనుకోకండి."

చంక దగ్గర కుట్టు విప్పి వేరే గుడ్డ అతికి ఉంది. చిరిగిందేమో అనుకున్నాను. మడతపెట్టిన చొక్కా చేతి కింద, కుడి మణికట్టుకి దారం కట్టారు. వలలు అల్లే ఇంటి ఆడపడుచు కదా, ముడి వేస్తే ఇక ఊడదు.

మూడో రోజు

ఇవాళ సుగుణ ఇంటర్వ్యూ. నేను కెమెరా వెనకాల నిలబడి విన్నాను. నలభై దాటి ఉంటాయి. ఆవిడతో డ్యూటీ చెయ్యడానికి ఎవరూ ఒప్పుకోక పంపు ఉద్యోగం పోయింది. ఇప్పుడు సముద్రపు నాచు ఏరుతోంది. వేళ్ళ సందుల్లో పచ్చగా మరకలు.

"పంపుకి నాచు అడ్డం పడిందండి. గవర్రాజు గారు తీత్తానని గోతిలోకి దిగారు. ఇంతలో పక్క గేటు జారి నీళ్ళు వచ్చేసినాయి. ఆయన ఎడం చెయ్యి పాత వలలో చిక్కడిపోయింది. నేను బోర్లా పడుకుని చెయ్యి అందించాను. కుడి చెయ్యి ఖాళీయేనండి. అందుకోలేదు."

మా డైరెక్టరు హిమజ మేడమ్, నాకంటే చాలా చిన్న పిల్ల, అడిగింది. "ఎందుకు అందుకోలేదు?"

"తెలీదండి. నా మొహంలోకి చూత్తానే ఉన్నారు. అందుకోలేదు."

"అంతకు రెండు రోజుల ముందు మీరిద్దరూ పోట్లాడుకున్నారట?"

"డ్యూటీ మార్చుకోవడం గురించండి. నేను నోరు జారాను. ఆయన మళ్ళీ నాతో మాటాడలేదు."

మునిగిపోయేవాడు అందించిన చెయ్యి పట్టుకోకుండా ఉంటాడా? ఊళ్ళో అందరూ పదకొండేళ్ళుగా అడుగుతున్నది ఇదే. నిజం చెప్పొద్దూ, నేను కూడా అదే అనుకున్నాను. పాపం, అబద్ధమాడేటప్పుడు కనీసం ఆ రెండో చెయ్యి కూడా చిక్కుకుందని చెప్పొచ్చు కదా అనిపించింది.

ఐదో రోజు

షూటింగు. సముద్రం వెనక్కి తీసే పాటు సమయంలో పంపు గోతిలో నీళ్ళు దిగి ఉండేది నలభై నిమిషాలే. ఆ తరవాత సైరను మోగుతుంది, బయటికి వచ్చెయ్యాలి.

మొదట సుగుణ చెప్పినట్టు ఒకసారి చేశాం. ఎనిమిది సెకన్లలో అయిపోయింది. ఆ తరవాత వరాలమ్మ గారు నమ్ముతున్నట్టు. అందులో నేను కుడి చెయ్యి పైకెత్తి బతిమాలాలి, సుగుణ వేషం కట్టిన అమ్మాయి చెయ్యి వెనక్కి లాక్కోవాలి. గవర్రాజు చెయ్యి ఎత్తాడని ఎవరూ చెప్పలేదు. ఆ ఎత్తడం నేనూ మేడమూ కలిసి కల్పించింది.

చెప్పకూడదు గానీ, అదరగొట్టాను. చెయ్యి ఎత్తి, వేళ్ళు విప్పి, ఒక్కొక్క వేలే మూస్తూ కిందికి జారిపోయాను. కట్ చెప్పాక మేడమ్ కళ్ళు తుడుచుకుంది. సైరను మోగింది, గబగబా సామాను ఎత్తేశాం.

ఇంటికొచ్చాక చూసుకుంటే చొక్కా చెయ్యి కిందికి దిగి, బొత్తాం పెట్టి ఉంది. తడిసి బరువెక్కి అదే దిగినట్టుంది.

పన్నెండో రోజు

కార్యక్రమం వచ్చింది. అక్క టిఫిను కొట్టు దగ్గర పెద్ద తెర కట్టారు. నేను చచ్చిపోగానే జనం ఏడ్చారు. ఒకాయన దిబ్బరొట్టె డబ్బులు నన్ను ఇవ్వనివ్వలేదు.

అక్క మాత్రం, "బాగానే చచ్చావు గానీ, పలకల మీద ఉప్పు మూడు రోజుల్నించి గీకలేదు. అక్కడ కూడా అలా నటించు," అంది.

పధ్నాలుగో రోజు

సుగుణని పట్టుకెళ్ళిపోయారు.

నాచు ఏరుతుంటే ఒడ్డు మీదే పట్టుకున్నారట. కొత్త సాక్ష్యం దొరికిందన్నారు. ఏం సాక్ష్యమా అని నేనూ అందరితో పాటు ఆశ్చర్యపోయాను. మధ్యాహ్నం హిమజ మేడమ్ పరుగెత్తుకుంటూ మా ఇంటికొచ్చింది. 

"లింగం గారూ, సాక్ష్యం మీరే."

ప్రసారమైన ప్రతి దృశ్యమూ రికార్డు ఆఫీసు మిషనుకి వెళ్తుంది. దారం కనిపిస్తే అది "నటన" అని, కనిపించకపోతే "నిజం" అని చీటీ వేస్తుంది. నేను చెయ్యెత్తి మునిగిన ఆ ముక్కలో దారం ఎక్కడా లేదు. సుగుణ వేషం అమ్మాయిది వెనక్కి లాక్కున్న చెయ్యి మటుకే కనిపిస్తుంది. వేషం కోసం నా ముఖానికి అంటించిన రబ్బరు తొడుగుతో గవర్రాజు పోలిక సరిపోయింది. మిషను చీటీ కొట్టింది: నిజం, పన్నెండో పంపు, మరణ సమయం. చీటీ వస్తే మనిషిని తీసుకెళ్ళడం పోలీసుల డ్యూటీ.



అక్క లోపల్నించి విని బయటికొచ్చింది. "అదేంట్రా! నువ్వని ఊరంతటికీ తెలుసు కదా. ఒక్క ఆఫీసుకే తెలీదా?"

"ఊరికి తెలిస్తే చెల్లదక్కా."

"మరి నువ్వెళ్ళి నేనేనని చెప్పు."

మేడమ్ తల అడ్డంగా ఊపింది. వేషధారి మాట చెల్లదట. డబ్బిచ్చి ఎవరిచేతైనా చెప్పించొచ్చని ఆ రూలు. చీటీ మార్చమని అర్జీ పెడితే తొంభై రోజులు. విచారణ నాలుగు రోజుల్లో. నేరం తేలితే సుగుణని ఉప్పు దీవి జైలుకి పంపేస్తారు, ఇరవై ఏళ్ళు. చీటీని అప్పటికప్పుడు మార్చగలిగేది ఒక్కరే. దారం కట్టినవాళ్ళు వచ్చి, ఈ చేతికి నేను దారం కట్టాను, ఇతను నా మనిషి కాడు అని నోటితో చెప్పాలి.

అంటే వరాలమ్మ గారు.

"ఎడిటింగులో నాలుగుసార్లు చూశానండీ," అంది మేడమ్ ఏడుస్తూ. "దారం కోసం చూడనే లేదు. మిమ్మల్నే చూశాను."

పదిహేనో రోజు

పైన ఐదో రోజు రాసింది అబద్ధం. కొట్టేయకూడదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

చొక్కా చెయ్యి దానంతట అది దిగలేదు. నేనే మడత విప్పాను, నేనే బొత్తాం పెట్టుకున్నాను. పదహారుసార్లు చచ్చాను, పదహారుసార్లూ జనం నా చావు చూడలేదు, ఆ దారమే చూశారు. ఒక్కసారి, ఒక్క దృశ్యంలో దారం లేకుండా చద్దామనిపించింది. ఎవరికీ తెలీదనుకున్నాను. ఛీ, నా బతుక్కి అదొక సరదా.

దారం దాచితే పట్టా రద్దు. నాకింకో పని రాదు. నిన్నంతా అదే ఆలోచిస్తూ కూర్చున్నాను, ఆ సుగుణ అక్కడ జైల్లో కూర్చుని ఉండగా.

పదహారో రోజు

వరాలమ్మ గారింటికి వెళ్ళాను. దారం ఉన్నన్నాళ్ళూ వేషధారికి పోయినాయనకి ఇష్టమైనది వండి పెట్టడం ఆనవాయితీ. ఆవిడ మెత్తళ్ళ వేపుడు పెట్టి ఎదురుగా కూర్చున్నారు. ముఖం తేటగా ఉంది. పదేళ్ళ వయసు తగ్గినట్టుంది.

"పదకొండేళ్ళు కళ్ళు మూసుకుంటే చాలు, రకరకాలుగా కనపడేదండి. ఇప్పుడు కుదుటపడింది. ఆయన ఎలా పోయాడో చూశాను. చెయ్యి ఇలా ఎత్తాడు," అని ఆవిడ వేళ్ళు విప్పి ఒక్కొక్కటే మూశారు.

నేను చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాను.

"అమ్మా, ఆ చెయ్యి నాది. ఆ వేళ్ళు నావి. అది నేను అనుకుని చేసిందండి."

"తెలుసండి."

"తెలిస్తే మరి కోర్టులో..."

"ఏం చెప్పమంటారు?" గొంతు పెరిగింది. "దారం నేనే కట్టాను. ఆ బొమ్మలో దారం నాకు కనపళ్ళేదు. కనపడనిది కనపడిందని ఎలా చెప్తాను? ఆ సుగుణ చెయ్యి అందించిందట, ఈయన అందుకోలేదట! నమ్మమంటారా?"

వేడికి చెమట పట్టి, ఒంటి మీదున్న గవర్రాజు చొక్కా గుండీలు విప్పుకోబోయాను. ఎడం చేత్తో కుడి చంక దగ్గర సర్దుకుంటే ఆ అతుకు వేలికి తగిలింది. చిరుగు కాదది. చెయ్యి పైకి ఎత్తకుండానే చొక్కా తొడిగేందుకు, కావాలని వెడల్పు చేసి కుట్టింది. మొదటి రోజు ఆవిడ నా చెయ్యి దూర్చిన తీరు గుర్తొచ్చింది.

"అమ్మా," అన్నాను. "గవర్రాజు గారికి ఈ చెయ్యి పైకి లేచేదా?"

ఆవిడ నా కంచం తీసేశారు. ఇంకా సగం అన్నం ఉంది.

"ఆయనకి మాటిచ్చాను," అన్నారు. "గట్టు కట్టేటప్పుడు రాయి పడింది. భుజం విరిగి సరిగ్గా అతుక్కోలేదు. తెలిస్తే ఉద్యోగంలోంచి తీసేత్తారని ఎడం చేతి వాటం మనిషిలాగా ఉండేవాడు. తల దువ్వేదాన్ని, చొక్కా తొడిగేదాన్ని. పోయాక కూడా చెప్పలేదు. చెబితే ఆయనదే తప్పని రాసేత్తారు కదండీ. పని చేతకాని చేత్తో గోతిలో దిగాడని రాసేత్తారు. ఎవరికీ చెప్పకండి బాబూ. మీ కాళ్ళు పట్టుకుంటాను."

ఆవిడ నిజంగానే వంగబోతే నేను లేచి బయటికి వచ్చేశాను. చెప్పనని మాటిచ్చాను. ఆ ఇంటి గుట్టు చెప్పే హక్కు నాకెక్కడిది? నా గుట్టయితే చెప్పుకోగలను.

ఇంటికొచ్చి అక్కకి అంతా కాదు, నా సంగతి మటుకు చెప్పాను. పట్టా పోతుందన్నాను.

"పోతే పోనీ," అంది. "కొట్టులో పిండి రుబ్బేవాళ్ళు లేరు. అక్కడ దారం కనపడక్కర్లేదు."

పద్ధెనిమిదో రోజు

విచారణ పొద్దున పదింటికి. జడ్జి గారు పెద్దావిడ, కళ్ళజోడు తాడుకి కట్టుకుని ఉన్నారు. సుగుణ ఒక పక్క కూర్చుంది, వరాలమ్మ గారు ఇంకో పక్క. నేను గవర్రాజు చొక్కాతోనే వెళ్ళాను. దారం తెంపేదాకా చొక్కా కూడా నా దగ్గరే ఉంటుంది.

నన్ను పిలిచారు. ఈ డైరీ తీసి ఐదో రోజూ పదిహేనో రోజూ చదివి వినిపించాను. పదహారో రోజు రాసింది చదవలేదు. వెనక హిమజ మేడమ్ నిలబడి, కార్యక్రమం తనదని, చూసుకోవాల్సిన బాధ్యత తనదని చెప్పింది. ఆపేస్తారని తెలిసి కూడా చెప్పింది. ఆ పిల్ల మీద గౌరవం పెరిగింది.

జడ్జి గారు కళ్ళజోడు తీసి, "నేను మిమ్మల్ని నమ్ముతున్నాను లింగం గారూ. కానీ నా నమ్మకం చీటీ మార్చదు. దారం కట్టినావిడ చెప్పాలి," అన్నారు.

వరాలమ్మ గారిని పిలిచారు. దారం నేనే కట్టానన్నారు. ఇందులో ఉన్నది ఎవరు అని అడిగితే తల వంచుకున్నారు.

"మరోసారి చూడండి," అని తెర వేశారు.

మళ్ళీ నేను మునిగాను. నీళ్ళలోంచి కుడి చెయ్యి లేచింది. నిటారుగా, భుజం చెవికి తగిలేలా లేచింది. వేళ్ళు ఒక్కొక్కటే ముడుచుకున్నాయి. నాకు తల దించుకోవాలనిపించింది. దించలేదు. వరాలమ్మ గారి వంక చూశాను. ఆవిడ తెర వంక చూడ్డం లేదు. సుగుణ వంక చూస్తున్నారు.

సుగుణ తెర చూస్తూ ఏడుస్తోంది. "చెయ్యి ఎత్తలేదండి," అంటోంది తనలో తను. "ఎత్తుంటే పట్టుకునేదాన్ని కదండీ. నా మీద కోపం పోలేదు ఆయనకి. నా చెయ్యి వద్దనుకున్నాడు."

ఆవిడ అంతవరకు ఆ మాట ఎక్కడా అనలేదు. ఇంటర్వ్యూలోనూ అనలేదు. పదకొండేళ్ళూ ఊరంతా ఆవిడ అబద్ధమాడిందని అనుకుంటుంటే, ఆవిడ మాత్రం గవర్రాజు చావనైనా చస్తాను గానీ నీ చెయ్యి పట్టుకోనన్నాడని నమ్ముతూ బతికింది.

వరాలమ్మ గారు లేచి నిలబడ్డారు.

"ఈయన మా ఆయన కాదండి," అన్నారు. "మా ఆయనకి కుడి చెయ్యి లేవదు. చంక దాటి లేవదు. ఆ చొక్కా నేనే కుట్టాను, చూసుకోండి."

 ఆవిడ జడ్జి గారితో కాదు, సుగుణతో మాట్లాడుతున్నారు.

"ఆయన వద్దనలేదమ్మా. ఎత్తలేకపోయాడు. నీకు తెలీకుండా దాచాడు, అందరికీ దాచాడు, నేనూ దాచాను. నీ చెయ్యి అందుకోవాలనే ఉంటాది ఆయనకి."

సుగుణ కుర్చీలోంచి కిందికి జారి నేల మీద కూర్చుండిపోయింది.

చీటీ మార్చారు: నటన. సుగుణని వదిలేశారు. నా పట్టా రద్దు. "ఆ రోజు" ఆరు నెలలు ఆపేశారు. గవర్రాజు భుజం గురించి రాసుకుంటారా అని వరాలమ్మ గారు అడిగితే, జడ్జి గారు కలం మూసేసి, "నా ముందు ఉన్న కేసు ఈ దృశ్యం గురించేనమ్మా," అన్నారు.

బయట వరండాలో దారం తెంపే పని మిగిలింది. ముందు చొక్కా తిరిగిచ్చెయ్యాలి. కొంచెం దూరంగా సుగుణ నిలబడి ఉంది, వెళ్ళాలో ఉండాలో తెలియనట్టు. వరాలమ్మ గారు ఆవిడని దగ్గరికి పిలిచారు.

"నీ మొహంలోకి చూశాడన్నావు కదా. ఎలా చూశాడు?"

సుగుణ ఆలోచించింది. "ఏదో చెప్దామన్నట్టు చూశారండి. ఇప్పుడు తెలుత్తంది."

వరాలమ్మ గారు తల ఊపి, నా చొక్కా గుండీలు విప్పడం మొదలుపెట్టారు. ముందు ఎడం చెయ్యి తీశారు. తరవాత కుడి వైపుకి వచ్చారు. నా చెయ్యి నిక్షేపంగా ఉంది. ఎత్తితే క్షణంలో చొక్కా వచ్చేస్తుంది. కానీ దారం ఇంకా చేతికే ఉంది కదా.

ఎత్తలేదు. భుజం వదిలేసి, చెయ్యి కిందికి వేలాడేసి నిలబడ్డాను. ఆవిడ నా ముఖంలోకి ఒకసారి చూశారు. ఆ తరవాత ఒక చేత్తో నా మోచెయ్యి కింద పట్టుకుని, రెండో చేత్తో చొక్కాని మెల్లగా, కొంచెం కొంచెంగా, వెనక నుంచి లాగారు. చాలాసేపు పట్టింది. ఎవరమూ తొందరపడలేదు.

చొక్కా మడతపెట్టి సుగుణ చేతికిచ్చి, పట్టుకోమన్నారు. ఆ తరవాత వంగి, దారం పంటితో తెంపారు.